కొండనుండి గోడవరకు

మహేశ్వరమున శివగంగ కోనేటి మెట్లపై గూర్చుండినవారికి రాతి విలువను వేరుగ బోధింప నక్కరలేదు. 17వ శతాబ్దమున గోలకొండ సుల్తాను తానీషాకు మంత్రులుగ నుండిన అక్కన్న మాదన్నలు అచ్చటి రాజరాజేశ్వరాలయమును గట్టించిరని ఈ ప్రాంతపువారి ప్రతీతి. ఆ కాలమున గుట్టనుండి బండ తీయుట ఊరివారి కన్నులయెదుట జరిగెడి పని. రాయి తీసినవాడు, మోసినవాడు, చెక్కినవాడు, పేర్చినవాడు ఒకరి కొకరు తెలిసినవారు. నేడు అదే సీమలో శ్రీశైలము రోడ్డుమీద రేయింబవళ్లు టిప్పరులు పరుగెత్తుచున్నవి. ఒక్కొక్క దానిలో నొక గుట్టముక్క పోవుచున్నది. అది యే గుట్టది? ఎవరి యనుమతితో దీసిరి? ఎన్ని టన్నులు? ప్రభుత్వమునకు ముట్టిన దెంత? ఏ గోడకు, ఏ రోడ్డునకు బోవుచున్నది? అడుగువాడు లేడు, అడిగినను చెప్పువాడు లేడు. ఈ తెలియమియే నేటి మా ప్రసంగమునకు విషయము.

తెలియకపోయిన నష్టమేమని కొంద రడుగవచ్చును. వారికి మేము జవాబు వెదకి తేనక్కరలేదు. 2025 నవంబరు 3వ తేది యుదయమున ఈ రంగారెడ్డి జిల్లాలోనే, చేవెళ్ల మండలము మీర్జాగూడ చెంత, తాండూరునుండి హైదరాబాదునకు వచ్చుచున్న ఆర్టీసీ బస్సును కంకర నింపుకొని యెదురుగ వచ్చిన టిప్పరు ఢీకొనెను. టిప్పరులోని కంకర బస్సులోనికి గ్రుమ్మరిల్లి, కూర్చున్నవారిని కూర్చున్నట్లే కప్పివేసెను. కనీసము 19 మంది ప్రాణములు గోల్పోయిరి. వారిలో కళాశాలలకు బోవు బాలికలుండిరి; తల్లియొడిలోని పసికందుండెను. ఆ ప్రమాదమునకు కారకు లెవరో నిర్ణయించుట న్యాయస్థానముల పని. మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము. తీర్పునకు ముందే తీర్పు చెప్పుట మాకు తగదు. కాని యొక్క ప్రశ్నకు న్యాయస్థానపు తీర్పు వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. ఒక లారీ కంకర రోడ్డెక్కుటకు ముందు దాని బరువును చూడవలసినవా డెవడు? నింపినవాడా, నడుపువాడా, కొనువాడా, కౌలునిచ్చిన ప్రభుత్వమా? ఈ ప్రశ్నకు మన జిల్లాలో నలుగు రధికారు లుండినచో నాలుగు జవాబులు వచ్చును. నలుగురి జవాబుల సారాంశ మొక్కటే: మేము కాము.

రాతి ప్రయాణమును ఒక్కసారి మొదటినుండి చూతము. గుట్టను కౌలున కిచ్చునది గనులశాఖ. బండను పేల్చు మందుగుండు వేరొక శాసనము క్రిందిది. దానికి 2008 నాటి పేలుడు పదార్థముల నియమములు గలవు. గనిలో పనివాని భద్రత కేంద్రప్రభుత్వపు గనుల భద్రతాశాఖ పరిధిలోనిది. గుట్ట దిగి క్రషరు చేరిన రాయి కాలుష్య నియంత్రణ మండలి యనుమతికి లోబడును. క్రషరునుండి బయలుదేరిన లారీ రవాణాశాఖవారిది. దానిని బాటలో నాపుట పోలీసువారిది. అది గుంతలు చేయు బాట పంచాయతీరాజుశాఖదో, రోడ్లు భవనముల శాఖదో. తుదకు కంకరను కొనువాడు గుత్తేదారు. వానికి సొమ్ము చెల్లించునది పలుమారులు మరల ప్రభుత్వమే. ఇన్ని చేతులు మారుచున్న ఈ సరకునకు ప్రతిచేతను ఒక కాగితము గలదు. కాని యొక కాగితము రెండవ కాగితమును ఎరుగదు. గొలుసునకు కడియము లన్నియు నున్నవి. కడియమునకును కడియమునకును నడుమ ముడి లేదు. నేరము జరుగునది సరిగా ఆ ముడి లేనిచోటనే. తప్పు బయటపడిననాడు తిలాపాపము తలా పిడికెడుగా పంచుకొని, యెవరి పిడికెడు వారు విదిలించుకొందురు.

కొన్ని యేండ్ల క్రిందట మా యొద్దకు వ్యాజ్యమునకై యొక రైతు వచ్చెను. ఊరు పేరు చెప్పము. చెప్పినను అట్టి యూళ్లు నూరు గలవు. అతని యింటి గోడ పేలుళ్లకు బీటలువారినది. పొలముగట్టున మొలచిన పైరుమీద రాతిపొడి పేరుకొన్నది. పొలమునకు బోవు బండ్లబాట లారీల క్రింద నలిగి వానకాలమున చెరువగుచున్నది. అతడు కౌలు నిచ్చిన కచేరీకి బోయెను. దుమ్ము సంగతి మాది కాదనిరి. దుమ్ము చూడవలసిన కచేరీకి బోయెను; లారీల సంగతి మాది కాదనిరి. లారీలు చూడవలసిన కచేరీకి బోయెను. లారీ పట్టుబడినప్పుడు రమ్మనిరి. మూడు కచేరీల చుట్టు తిరిగి, మూడు రసీదులు సంపాదించి, మాయొద్ద వానిని మేజాబల్లపై పరచి, ఇందులో నా మొర ఎందున్నదని యడిగెను. ఆ ప్రశ్నకు మాకు శాసనములోని విభాగములు దొరకెనే గాని సమాధానము దొరకలేదు. ఆనాటి యసమాధానమే ఈనాడు మాచేత ఈ పంక్తులు వ్రాయించుచున్నది.

శాసనము లేక యిట్లు జరుగుచున్నదా? కాదు. 1957 నాటి గనులు ఖనిజముల అభివృద్ధి నియంత్రణ చట్టము ఇల్లు కట్టుకొను రాయి, గులకరాయి, మామూలు మట్టి, మామూలు ఇసుక మొదలగువానిని చిన్నతరహా ఖనిజములని పేర్కొని, 15వ విభాగముచేత వానిపై నియమములు చేయు నధికారమును రాష్ట్రములకే యిచ్చెను. ఆ యధికారముతోనే 1966లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నియమావళి యేర్పడెను. 1999లో అదే చట్టమునకు జేర్చిన 23సి విభాగము మరియు ముఖ్యమైనది. అక్రమముగ ఖనిజమును దీయుటను మాత్రమే గాక, దానిని మోయుటను, నిలువచేయుటను నరికట్టుటకు గూడ రాష్ట్రములు నియమములు చేయవచ్చునని అది స్పష్టముగ జెప్పుచున్నది. తనిఖీద్వారములు పెట్టవచ్చును, తూకపు యంత్రములు పెట్టవచ్చును, రవాణాపత్రములు నిర్ణయింపవచ్చును. 2000 సంవత్సరమున ఖనిజ వర్తకుల నియమములను గూడ మనవారు చేసికొనిరి. మోటారు వాహనముల చట్టము 194వ విభాగము అధిక భారముతో బండిని నడుపువానినే గాక, నడిపించువానిని, నడువనిచ్చువానిని గూడ నేరస్థునిగ జూచుచున్నది. 2005లో పరంజిత్ భాసిన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు, జుల్మానా కట్టినంతమాత్రమున అధిక భారముతో ముందునకు సాగు హక్కు కలుగదనియు, ఎక్కువైన సరకును దింపియే తీరవలయుననియు ఆదేశించిరి. ఇంకేమి కావలెను? మనకు కొరవడినది శాసనము కాదు. ఈ శాసనముల నన్నిటిని ఒక్క రాతివెంట నడిపించు సంకల్పము కొరవడినది.

సంకల్ప మున్నచోట గొలుసు సాధ్యమేయనుటకు దూరదేశములకు బోనక్కరలేదు. మన బొగ్గునే చూడుడు. ఇల్లెందు ప్రాంతపు బొగ్గును దీయు హక్కును 1886లో హైదరాబాదు దక్కను కంపెనీవారు పొందిరి. 1920లో ఆ సంస్థ సింగరేణి కాలరీసు కంపెనీ యను పేరుదాల్చెను. 1945లో నిజాము ప్రభుత్వము దానిని గొనెను. నేడు అందు 51 వంతులు తెలంగాణ రాష్ట్రమునకు, 49 వంతులు కేంద్రమునకు గలవు. గనినుండి బయలుదేరు వ్యాగనునకు తూకము గలదు. చేరినచోట విద్యుత్కేంద్రమువారు మరల తూచుకొందురు. నాణ్యమునకు మూడవవారిచేత నమూనా పరీక్ష చేయింతురు. తేడా వచ్చినచో వ్రాతమూలముగ తగవు నడచును. సింగరేణిలో దోషములు లేవని మేమనము. కార్మికుల మొరలు, బహిరంగ గనుల క్రింద ఊళ్లు కోల్పోయినవారి కన్నీళ్లు మాకు తెలియనివి కావు. కాని యొక టన్ను బొగ్గు ఎచ్చట బుట్టి యెచ్చట దగ్ధమైనదో చెప్పగల పుస్తకము అచ్చట గలదు. ఏలయనగా కొనువానికి దాని లెక్క యవసరము. ఇంటిముందు పోసికొను కంకరకు అట్టి పుస్తకము లేదు. ఏలయనగా కొనువాడు ధర నడుగునే గాని పుట్టుక నడుగడు.

పుట్టుక నడిగినచో నేమి బయటపడునో కరీంనగరపు గ్రానైటు వ్యవహారము చూపినది. ఆ జిల్లా గుట్టలనుండి తీసిన బండలు రైలుమీద సముద్రతీరమునకు బోయి, అచ్చటినుండి ఓడలపై విదేశములకు జేరుచుండెను. రాష్ట్రపు విజిలెన్సుశాఖవారు పర్మిటులలోని పరిమాణమును, రవాణాలోను రేవులోను తేలిన పరిమాణమును ప్రక్కప్రక్కన బెట్టిచూచినప్పుడు రెంటికిని పొందిక లేదని తేల్చిరి. దానిపై జుల్మానాలు, వ్యాజ్యములు, కేంద్రశాఖల సోదాలు నడచినవి. వివాదపు తుది తీర్పుతో మాకిచ్చట పనిలేదు. పాఠక లోకము గమనింపవలసిన దొక్కటే. గుట్టచెంత నిలుచుండి యెన్నాళ్లు తనిఖీచేసినను తేలని సంగతి, రెండు చివరల లెక్కలను కలిపి చదివినంతనే తేలినది. విదేశమునకు బోవు బండకు ఓడరేవు పుస్తకమైనను సాక్షిగ నుండెను. హైదరాబాదు మేడలకు బోవు కంకరకు ఆ సాక్షియు లేదు.

ఇట ప్రభుత్వ పనుల సంగతి విశేషముగ జెప్పవలసియున్నది. రోడ్లు, వంతెనలు, కాలువలు, కచేరీలు కట్టించుటలో రాతిని, ఇసుకను విరివిగ గొనువారిలో ప్రభుత్వమే అగ్రగణ్యము. గుత్తేదారుల బిల్లులనుండి సీనరేజిని మినహాయించుకొను పద్ధతి మనయొద్ద చిరకాలముగ నున్నది. పైకి ఇది మంచి పద్ధతిగనే కాన్పించును. సొమ్ము ఖజానాకు వచ్చుచున్నది గదా! కాని లోతుగ జూచినచో దీని సారము వేరు. నీవు తెచ్చిన కంకర యే గుట్టదో మాకు జెప్పనక్కరలేదు, రుసుము మాత్రము విడిచిపెట్టుమని చెప్పుటయే యిది. కౌలు గల గుట్టనుండి న్యాయముగ దెచ్చిన కంకరయు, రాత్రివేళ పోరంబోకు గుట్టను తొలిచి తెచ్చిన కంకరయు ఆ బిల్లులో నొక్కటే యగుచున్నవి. న్యాయముగ కౌలు చెల్లించువానికి, నష్టమెందుకు పడవలెనను బుద్ధి పుట్టించునది ఈ సమత్వమే. కంచెయే చేను మేసినట్లు, అక్రమమును అడ్డవలసినవారే దానికి నమ్మకమైన ఖాతాదారు లగుచున్నారు.

ఇక గుట్టచెంత మిగిలినవారి సంగతి. బండ పగులగొట్టు చేతులు, క్రషరుచెంత దుమ్ములో నిలుచు చేతులు పలుమారులు ఈ యూరివి కావు. దూరజిల్లాలనుండి, పొరుగు రాష్ట్రములనుండి పొట్టకూటికై వచ్చినవారు వారు. రాతిదుమ్ము రొమ్ముచేరి ఊపిరితిత్తులను గట్టిపరచు సిలికోసిసు అను వ్యాధి యొకనాటిలో బయటపడదు, మందులచేత మరలదు. అది బయటపడునప్పటికి పనివాడు స్వగ్రామము చేరియుండును. క్రషరు పుస్తకములో వాని పేరు ఉండనే యుండదు. ఇకను, తీసినంత తీసి విడిచిన గుంతలు గలవు. వానలకు నిండిన ఆ గుంతలు చూచువారికి చెరువులవలె నుండును. దిగిన పిల్లలకు గట్టు దొరకదు. గని మూసినప్పుడు కంచె వేయవలసినవాడు గుట్టతోబాటు అదృశ్యుడగుచున్నాడు. 1952 నాటి గనుల చట్టము చిరకాలము పనివారికి ఆధారమైయుండెను. దాని స్థానమున 2020 నాటి వృత్తిభద్రతా స్మృతి 2025 నవంబరు 21వ తేదినుండి అమలునకు వచ్చినది. చట్టము పాతదైనను క్రొత్తదైనను, పేరు వ్రాయని పనివానిని అది చూడజాలదు.

మా మాటలకు ఎదురు చెప్పువారు లేకపోలేదు. కట్టుదిట్టములు పెరిగినచో కంకర ప్రియమగును, బీదవాడు ఇల్లు కట్టుకొనజాలడు, కూలివానికి పని పోవునని వారందురు. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. 2019లో ఆంధ్రప్రదేశమున ఇసుక విధానము మారుచుండగా నేర్పడిన కొరతచే కట్టుబడిపనులు నిలిచి, తాపీపనివారు, కూలీలు నెలల తరబడి యుపవాసముల పాలైరి. 2016లో ఉచితమనిన ఇసుకను 2019లో ప్రభుత్వసంస్థద్వారా అమ్మిరి. 2021లో ప్రయివేటు సంస్థ కప్పగించిరి. 2024లో మరల నుచితమనిరి. ఎనిమిదేండ్లలో నాలుగు త్రోవలు! ఈ చరిత్రనుండి మేము నేర్చుకొనునది వేరు. ఆ మార్పులన్నియు ఇసుకను ఎవరు అమ్మవలెనను ప్రశ్నచుట్టునే తిరిగినవి. ఏటినుండి ఇంటివరకు దానిని ఎట్లు లెక్కించవలెనను ప్రశ్న వెనుకబడినది. అమ్మువాడు మారినంతమాత్రమున గొలుసు బాగుపడదు. తెలంగాణమున 2015లో ఇసుకకు క్రొత్త నియమములు చేసి, ఖనిజాభివృద్ధి సంస్థద్వారా కంప్యూటరుపై అమ్మకము పెట్టిరి. కొనువాడు ఇంటినుండియే ఇసుకను కోరుకొనగలుగుట దానివలన గలిగిన మేలు. ఇసుకకు సాధ్యమైన లెక్క కంకరకు అసాధ్యమగునా?

క్వారీల యజమానుల పక్షమునను ఒక మాట న్యాయముగ జెప్పవలెను. వారందరు దొంగలు కారు. పలువురు చిన్న పెట్టుబడివారు, యంత్రములకు అప్పుచేసినవారు. కచేరీకి కచేరీ తిరిగి ద్వారము ద్వారమున జేయి తడుపవలసివచ్చుచున్నదని వారు మొరపెట్టుట మేము వినియున్నాము. కాగితములు పది యైనకొలది చేయి తడుపు ద్వారములు పదియగును. పది కాగితముల స్థానమున కొండనుండి గోడవరకు సాగు నొక్క కాగితము వచ్చినచో, నష్టపడువారు దొంగరవాణాదారులును వారి పాలివారును మాత్రమే. నిజాయితీపరుడైన యజమాని దానిని మొదట స్వాగతించును.

లోకము గూడ ఈ త్రోవనే నడుచుచున్నది. గని యేదేశములో నున్నను, సరకును గొనువాడు దాని పుట్టుకకు బాధ్యుడను సూత్రము బలపడుచున్నది. ఆఫ్రికా యుద్ధభూములలో తీసిన వజ్రములను అరికట్టుటకు 2003లో కింబర్లీ పద్ధతి యారంభమయ్యెను. ఐరోపా సమాజమువారు 2017లో తగరము, టంగ్‌స్టను, టాంటలము, బంగారము దిగుమతిచేయు వర్తకులు వాని మూలము విచారింపవలయునని శాసించి, 2021 జనవరినుండి అమలుపరచిరి. జర్మనీ 2021లో సరఫరా గొలుసుల బాధ్యతకై ప్రత్యేకముగ చట్టము చేసికొనెను. ఈ పద్ధతులలో లోపములు గలవు. పెద్దవర్తకులు పత్రములతో తప్పించుకొను సందులు గలవు. అయినను అందలి న్యాయసూత్రము మనకు క్రొత్తది కాదు. దొంగసొత్తని తెలిసి కొనినవాడు దొంగతో సమానుడని మన ఊరి రచ్చబండ యెరుగును. తెలిసికొనుటకు వీలుండియు తెలిసికొనక కొనినవానిని ఏమనవలెనో అదియే నేటి ప్రశ్న.

ఇట్టి సమయమున ప్రభుత్వముల చూపు ఆదాయముమీదనే నిలిచియుండుట మాకు విచారకరము. 2024 జూలై 25వ తేదిన సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఎనిమిదిమంది యొకవైపు నొకరు వేరొకవైపుగ, రాయల్టీ పన్ను కాదనియు, ఖనిజపు హక్కులపై పన్ను విధించు నధికారము రాష్ట్రములకు గలదనియు తీర్పు చెప్పెను. రాష్ట్రముల హక్కులను కాపాడు ఈ తీర్పును మేము హర్షించుచున్నాము. కాని హక్కు వచ్చినచోట బాధ్యత రావలదా? 2015లో చేసిన సవరణచే జిల్లా ఖనిజ నిధి యేర్పడి, గనులవలన దెబ్బతిన్నవారి మేలునకు కొంత సొమ్ము ప్రత్యేకింపబడుచున్నది. చిన్నతరహా ఖనిజములవారును దానికి జెల్లించునట్లు రాష్ట్రములు విధింపవచ్చును. ఆ నిధి గుట్టప్రక్క ఊరి దాహము తీర్పవలెను; దుమ్ము పీల్చిన రొమ్మును పరీక్షింపవలెను. అంతకుముందే 1997లో, విశాఖ యేజెన్సీలోని బొర్రా ప్రాంతపు గనులవిషయమై సమత యను సంస్థ తెచ్చిన వ్యాజ్యములో, నికరలాభములో కనీసము ఐదవవంతు స్థానికుల మేలునకు కేటాయింపవలెనని సుప్రీంకోర్టువారు సూచించియుండిరి. గుట్టను కోల్పోయిన ఊరికి గుట్ట విలువలో పాలుగలదను మాట న్యాయపీఠమునుండియే వచ్చినది. దానిని వినవలసిన చెవులు కచేరీలలో నుండవలెను.

మా సూచనలు కొన్ని గలవు. ఇవి క్రొత్త చట్టమును కోరునవి కావు. ఉన్న చట్టముల క్రింద జీవోలచేతనే సాధ్యమగునవి.

మొదటిది, గనిద్వారమునను క్రషరుద్వారమునను తూకము లేక లారీ కదలరాదు. ఆ తూకపు చీటియే రవాణాపత్రము కావలెను. సరకు దిగినచోట దానిని మూసివేయవలెను. అధికభారము నింపినచో నింపినవాడే మొదటి ముద్దాయి కావలెను. డ్రైవరు మెడకు మాత్రమే ఉరి బిగించుట న్యాయము కాదు. రెండవది, ప్రభుత్వ పనులకు సరకు తెచ్చు గుత్తేదారు ఆ చీటీలను చూపనిదే బిల్లు చెల్లరాదు. రుసుము మినహాయించి పుట్టుకను మన్నించు పద్ధతి యంతము కావలెను. మూడవది, కలెక్టరు అధ్యక్షతను గనులు, రవాణా, కాలుష్యము, రోడ్లు, కార్మిక శాఖల యధికారు లొక్క మండలిగ గూర్చుండి, ఏ బాటన ఏవేళల లారీలు పోవలెనో నిర్ణయింపవలెను. పిల్లలు బడికి బోవువేళ కంకర ఆగిననేమి? చెడిన బాటకు మరమ్మతు సొమ్ము ఆ సరకునుండియే రావలెను. నాలుగవది, పనివాని పేరు పుస్తకములో నెక్కవలెను. ఏటేట రొమ్ముపరీక్ష జరుగవలెను. ఆ పరీక్షాపత్రము పనివానిచేతికే ఈయవలెను. ఐదవది, తరతరములుగ బండపనినే నమ్మి బ్రదికిన వడ్డెర సోదరుల సహకార సంఘములకు చిన్న గుట్టల కౌలులో నిజమైన పాలు గావలెను. వారి పేర కౌలు, వేరొకరి పేర లాభముగ నది మారరాదు.

ఆరవదియు మా దృష్టిలో అన్నిటికన్న ముఖ్యమైనదియు, వెల్లడి. ప్రతి కౌలు గుట్టచెంతను, ప్రతి గ్రామపంచాయతి గోడమీదను తెలుగులో నొక పలక వ్రేలాడవలెను. కౌలుదారెవడు, ఎన్ని యెకరములు, ఎంత లోతు, ఎంత కాలము, ఈ నెల యనుమతించిన దెన్ని టన్నులు, తీసిన దెన్ని టన్నులు? 2005 నాటి సమాచార హక్కు చట్టము 4వ విభాగము అడుగకమునుపే ప్రకటింపవలెనని శాసించుచున్నది. అడిగినను చెప్పనివారికి ఆ విభాగమును గుర్తుచేయుట మన విధి.

ఈ మాటలు ఇప్పుడేల యందురా? ఈ గుట్టలపై రానున్న యొత్తిడి మునుపు వచ్చిన దానివంటిది కాదు. హైదరాబాదునకు దక్షిణమున క్రొత్త నగరమును నిర్మింపదలచి, 2025లో ప్రభుత్వమువారు ఫ్యూచరు సిటీ అభివృద్ధి సంస్థ నేర్పరచిరి. మహేశ్వరము, ఇబ్రహీంపట్నము, కందుకూరు, యాచారము, మంచాల, కడ్తాలు, ఆమనగల్లు మండలములలోని 56 గ్రామములు దాని పరిధిలో జేర్చబడినవి. నగరము గాలిలో లేవదు. దాని ప్రతి మేడకు, ప్రతి వీథికి రాయి కావలెను. 2016లో కేంద్ర పర్యావరణ శాఖవారు జిల్లా సర్వే నివేదికలను విధించిరి. ఎచ్చట నెంత ఖనిజమున్నదో, ఎంత తీయదగునో అందు దేలవలెను. 2012లో దీపక్ కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు ఐదు హెక్టారులకు తక్కువయైన చిన్నగనులకును పర్యావరణ యనుమతి తప్పదనిరి. క్రొత్త నగరమునకు కావలసిన రాయి యెంత, అది యే గుట్టలనుండి వచ్చును, ఏ గుట్టలను తాకరాదు, ఏ చెరువుల వాగులకు అవి తలపట్టులు అను లెక్క పునాదిరాయి వేయుటకు ముందు తేలవలెను గాని, గుట్టలు పోయినపిదప కాదు. చేతులు కాలినపిదప ఆకులు పట్టుకొనుట మనకు వాడుకయైనది; ఈ యొక్కసారి ఆకులు ముందు పట్టుకొందము.

నగరము వలదని మేమనము. రాయి తీయరాదని మేమనము. ఇల్లు లేని కుటుంబములు గల దేశమున కంకరను నిందించువాడు అవివేకి. మేము కోరున దొక్కటే: కొండ కదలినప్పుడు న్యాయము గూడ దానివెంట కదలవలెను; గనిద్వారముననే ఆగిపోరాదు. రెండువందల యేబది కోట్ల యేండ్లనాటి బండ యిది. మరల మొలచునది కాదు. తీసినచో లెక్క యుండవలెను. లెక్కకు సాక్షు లుండవలెను.

ఆ సాక్షులు ఎవరో కారు. ఈ పత్రికను పఠనమందిరములలో గూర్చుండి చదువుచున్న మీరే. సమాచారము కోరుటకు పది రూపాయలు చాలును. ఈ వారము మీ యూరి గుట్ట కౌలు పత్రమును కోరి యొక దరఖాస్తు వ్రాయుడు. వచ్చిన జవాబును పఠనమందిరపు గోడకు అంటింపుడు. రాకపోయినచో ఆ సంగతినే అంటింపుడు. పదియూళ్ల గోడలు మాటలాడిననాడు కచేరీల గోడలు వినక తప్పదు. ప్రభుత్వమువారును, జిల్లా యధికారులును మీర్జాగూడను ఒకనాటి వార్తగ భావింపక, దానిని ఒక హెచ్చరికగ గైకొని, రాతివెంట నియమమును నడిపింతురని యాశించుచున్నాము.